పెట్టె కన్నా ముందు పంతులు

ఏజెన్సీ బడుల్లో పనిచేసినవాళ్లకు తాళం వేసిన బీరువా ఒకటి గుర్తుండే ఉంటుంది. కంప్యూటర్లు అందులోనే ఉంటాయి. పాడైతే మన జీతంలోంచి కోస్తారేమోనన్న భయంతో ఎవరూ బయటికి తీయరు. మేమూ అలా భయపడినవాళ్లమే. అందుకే తరగతి గదిలోకి ల్యాప్‌టాప్ వస్తే మన పిల్లలకూ పట్నం పిల్లలకూ మధ్య ఉన్న డిజిటల్ అంతరం నిజంగా తగ్గుతుందా అని చరిత్రలో వెతికాం.

2005లో అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌కు చెందిన నికొలస్ నెగ్రోపాంటె, పేద దేశాల్లో ప్రతి పిల్లకూ ఒక ల్యాప్‌టాప్ ఇవ్వాలనే పథకాన్ని ప్రకటించారు. ధర వంద డాలర్లే అన్నారు. 2007లో తయారయ్యేసరికి అది దాదాపు రెట్టింపైంది. మన కేంద్ర విద్యాశాఖ 2006లోనే ఈ పథకం వద్దంది. ముందు కావలసింది బడులూ పంతుళ్లూ అని చెప్పింది.

పెరూ దేశం మాత్రం 8 లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు కొన్నది. ఆండీస్ కొండల్లో కెచువా, ఐమారా మాట్లాడే పిల్లల చేతికీ అవి వచ్చాయి. వాళ్లూ మన పిల్లల్లాంటివాళ్లే. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. అక్కడి 319 పల్లె బడుల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. పిల్లలకు యంత్రం వాడడం వచ్చింది. ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షల్లో కొంత మెరుగు కనిపించింది. లెక్కల్లో, భాషలో మాత్రం తేడా రాలేదు. చాలా బడులకు ఇంటర్నెట్ లేదు. పంతుళ్లకు దొరికిన శిక్షణ కొద్దిపాటిదే.

ఉరుగ్వే 2007లో మొదలుపెట్టి, 2009 కల్లా సర్కారు ప్రాథమిక బడుల పిల్లలందరికీ ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. బడులకు ఇంటర్నెట్ కూడా కల్పించింది. ఉన్నవాళ్ల ఇంట్లోనే కంప్యూటర్ ఉండే రోజులు పోయాయి. అయినా మార్కులు వాటంతటవే పెరగలేదు. తర్వాత 2012 నుంచి ఇంగ్లీషు పాఠానికి ఒక పద్ధతి పెట్టారు. దూరాన ఉన్న టీచరు తెర మీద చెబుతుంటే, తరగతిలోని టీచరు పిల్లల పక్కన నిలబడి సాధన చేయిస్తారు. అంటే యంత్రంతోపాటు మనిషి కూడా ఉన్నాడు.

ఈ పాఠం మన నేలకు కొత్తది కాదు. 1940లో కొమురం భీం అమరుడయ్యాక, గోండుల బాధలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం తెరిచారు. ముందు గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేశారు. గోండీ భాషలోనే, దేవనాగరి లిపిలో వాచకాలు రాయించారు. పిల్లవాడి చేతికి పుస్తకం వచ్చేసరికి, దాన్ని అతని మాటలో చెప్పగలిగే మనిషి అక్కడున్నాడు.

ఇప్పుడు మనకు ఇంకో బలం తోడైంది. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఫాంటు వేసుకుంటే ఆ లిపిలో కంప్యూటర్‌లో రాయవచ్చు. మన పిల్లలు ఊరి పెద్దల నోట కథలు విని, రికార్డు చేసి, టైపు చేస్తే అదే వాచకం అవుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ ఇంకొకరి పాఠం చూపించే పెట్టెగా మిగిలిపోదు. మన పాఠం రాసుకునే పలక అవుతుంది.

కాబట్టి బడికి యంత్రాలు వస్తున్నాయంటే చప్పట్లు కొట్టి ఊరుకోవద్దు. పంతుళ్లకు ఎన్ని రోజుల శిక్షణ ఇస్తారు? కరెంటు పోతే ఏం చేయాలి? చెడిపోతే బాగుచేసేదెవరు, ఖర్చు ఎవరిది? మా భాషలో పాఠాలున్నాయా? గ్రామసభలో, బడి కమిటీలో ఈ నాలుగు ప్రశ్నలూ అడగండి. జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి.

ఆ బీరువా తాళం తీయవలసింది ముందుగా మేమే, పంతుళ్లమే. అది తెరిచేదాకా మమ్మల్ని అడుగుతూ ఉండవలసింది మీరు.