కోతి జ్వరం అన్నారు, తప్పు కోతిదేనా?

చిన్నప్పుడు పశువుల ఒంటిమీద పిడుదులు ఏరిన చేతులే మావి. అందుకే ఈ చరిత్ర చదివాక మీతో పంచుకోవాలనిపించింది.

1957లో అప్పటి మైసూరు రాష్ట్రం, షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కొండముచ్చులు, కోతులు వరసగా చచ్చిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లలో మనుషులకీ తీవ్రమైన జ్వరం, కొందరికి రక్తస్రావం. ముందు ఎల్లో ఫీవరేమో అనుకున్నారు. పూణె వైరస్ పరిశోధన కేంద్రం వాళ్లు ఇది పిడుదులు మోసే కొత్త వైరస్ అని తేల్చారు. జనం మాత్రం కోతి జ్వరం అన్నారు.

కానీ ఒక్కో జంతువుది ఒక్కో పాత్ర. ఎలుకలు, చుంచులు వైరస్‌ని అడవిలో చప్పుడు లేకుండా నిలబెడతాయి. కోతి ఒంట్లో అది బాగా పెరుగుతుంది. కోతి చస్తే పిడుదులు రాలి, ఆ చోటే ప్రమాదమవుతుంది. పశువుల రక్తంలో వైరస్ పెద్దగా పెరగదు, కానీ పెద్ద పిడుదులకి తిండి అక్కడే. అవి తాగి గుడ్లు పెడితే మళ్లీ వేల పిల్లలు. మనిషి దగ్గర గొలుసు ఆగిపోతుంది, ఒకరి నుంచి ఇంకొకరికి అంటదు.

అడవి నరికి, మందల్ని లోపలికి తోలడంతో పిడుదులు పెరిగాయని 1960లలోనే పరిశోధకులు రాశారు. 2015లో కేరళ వయనాడ్‌లో ఈ జ్వరం వస్తే ఎక్కువగా దెబ్బతిన్నది ఆదివాసులే.

జబ్బొస్తే నింద కోతి మీదో, అడవిలో తిరిగే మన మీదో పడుతుంది. నిజానికి చచ్చిన కోతి మనకి ముందస్తు కబురు. ఎక్కడైనా కనిపిస్తే ముట్టుకోవద్దు, వెంటనే అటవీ, ఆరోగ్య సిబ్బందికి చెప్పండి. ఇంట్లో పెద్దోళ్లకీ చెప్పండి.