అవతారం ఎవరి కోసం దిగింది? తొమ్మిదో అవతారం కథ



1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ బౌద్ధం స్వీకరించి, వెంట వచ్చిన లక్షలాది మంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. వాటిని వరసగా చదవండి. రెండోది, అవతారాలుగా చెప్పే రాముణ్ని, కృష్ణుణ్ని నమ్మనని, పూజించనని. నాలుగోది, దేవుడు అవతరిస్తాడన్న మాటనే నమ్మనని. ఐదోది, బుద్ధుడు విష్ణువు అవతారమనడం తప్పుడు ప్రచారమని. మొదటి ఐదింటిలో మూడు అవతారం గురించే! భూమి, చదువు, ఉద్యోగం ఇన్ని సమస్యలుండగా ఈ అవతారాల గొడవ దేనికని మన విద్యార్థులే అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే.

అవతారం అంటే దిగి రావడం. భక్తుడికి ఆ మాటలో గొప్ప ఓదార్పు ఉంది. ఎక్కడో వైకుంఠంలో ఉన్నవాడు చేపై, పందై, పశువుల కాపరై మన మధ్యకే వస్తాడు. పోతన భాగవతంలో గజేంద్రుడి మొర విని ఉన్నపళంగా బయల్దేరిన విష్ణువు గురించి పాఠం చెబుతుంటే క్లాసు క్లాసంతా నిశ్శబ్దమైపోతుంది. ఆ భావానికున్న బలాన్ని నేను తక్కువ చేయను. 14వ శతాబ్దంలో మహర్ కులంలో పుట్టిన చోఖామేళా విఠలుణ్ని ఆ ప్రేమతోనే పాడాడు. కానీ పండరిపురం గుడిలోకి ఆయనకు ప్రవేశం లేదు. దేవుడు పందిగా దిగి రావచ్చట, మహర్ మనిషి మాత్రం గడప ఎక్కకూడదట! పైవాడు కిందికి దిగితే లీల, కిందివాడు పైకి వస్తే నేరం. 1948లో అంబేద్కర్ అంటరానివారి పుట్టుకపై రాసిన పుస్తకాన్ని నందనార్, రవిదాస్, చోఖామేళాలకు అంకితమిచ్చింది ఊరికే కాదు.

మరి దేవుడు దిగేది దేనికి? గీత నాలుగో అధ్యాయం 7, 8 శ్లోకాల్లో జవాబుంది: ధర్మం క్షీణించినప్పుడు దాన్ని నిలబెట్టడానికి. ఏ ధర్మం? ఇంకో ఐదు శ్లోకాలు ముందుకెళ్లండి. 13వ శ్లోకంలో నాలుగు వర్ణాలను సృష్టించింది తానేనని కృష్ణుడే చెబుతాడు. ఉత్తరకాండలో తపస్సు చేస్తున్న శంబూకుడి తల నరికిన రాముడు చేసింది కూడా ఆ లెక్కన ధర్మరక్షణే.

ఇప్పుడు తొమ్మిదో అవతారం దగ్గరికి వద్దాం. వేదాల అధికారాన్ని, పుట్టుకతో వచ్చే గొప్పను కాదన్నవాడు బుద్ధుడు. ఆయన్ని విష్ణువును చేసిందెలా? విష్ణుపురాణంలో మాయామోహుడి కథ చదవండి. దేవతలను ఓడించిన అసురులను వేదమార్గం నుంచి తప్పించడానికి విష్ణువు తన శరీరం నుంచి మాయామోహుణ్ని పుట్టిస్తాడు. వాడి బోధలు విని అసురులు వేదాలను వదిలేస్తారు, బలహీనపడతారు, దేవతల చేతుల్లో చస్తారు. ఆ బోధలు వింటే అవి జైన, బౌద్ధ బోధలేనని తెలిసిపోతుంది. భాగవతం నేరుగా పేరు పెట్టి చెప్పింది: దేవతల శత్రువులను మోహంలో ముంచడానికి కీకట దేశంలో బుద్ధుడు పుడతాడని. 12వ శతాబ్దానికి జయదేవుడు ఆయన్ని యజ్ఞాల్లో పశువధను నిందించిన కరుణామూర్తిగా కీర్తించాడు. మోసగాడి వేషం పోయి కరుణ వచ్చింది, కానీ విష్ణువు పోలేదు.

గమనించండి, ఈ కథలో బుద్ధుడు చెప్పింది అబద్ధం, ఆయన్ని నమ్మినవాళ్లు మోసపోయిన అసురులు. ఒక మనిషిని పూజాగదిలో పెట్టి, ఆయన మాటను బయటికి గెంటేసే పద్ధతి ఇది.

అందుకే ఐదో ప్రతిజ్ఞ లేకపోతే దీక్షకు అర్థమే ఉండేది కాదు. ఒక గుడి వదిలి అదే గుడి ఇంకో గదిలోకి వెళ్లినట్టుండేది. బుద్ధుడు మోక్షదాత కాదు, మార్గదాత అని 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో అంబేద్కర్ స్పష్టంగా రాశారు. దారి చూపించేవాడు ఆయన, నడవాల్సింది మనం. అవతారం కోసం ఎదురుచూసేవాడికి తన బతుకు ఎప్పుడు బాగుపడాలో పైవాడి ఇష్టం.

ఇవాళ అంబేద్కర్‌నే అవతార పురుషుడనే మాటలు అక్కడక్కడా వినపడుతున్నాయి, మనవాళ్ల నోటి నుంచి కూడా. ప్రేమతోనే అంటున్నారు, కాదనను. కానీ 22 ప్రతిజ్ఞలు చేయించిన మనిషికి ఆ పేరు పెట్టకండి. దండ వేయండి, ఆయన పుస్తకం కూడా తెరవండి.

(ఇంకా ఉంది. వచ్చే భాగంలో: 1873లో 'గులాంగిరి' రాసిన జోతీరావు ఫూలే వామనుణ్ని, బలిని ఎలా చదివారో చూద్దాం.)