పరీక్షకుని పరీక్ష



మన పల్లెలలో తగవు తీర్చుటకు కూర్చుండు పెద్దలకు ఒక నియమము పరంపరగా తెలిసియుండును. సాక్షి నోట మాట పెట్టరాదు. "నీవు చూచినది నల్లయెద్దే గదా" అని యడిగినచో బెదరిన సాక్షి "ఔను, నల్లయెద్దే" అనును. "నీవేమి చూచితివి?" అని యడిగి యూరకుండ నెరిగినవాడే పెద్దమనిషి. సాక్షి చెప్పినదానిని చెప్పినట్లే వ్రాయించుట రెండవ నియమము. ఈ రెండు నియమములను నేర్చుకొనుటకు ఒక శాస్త్రమునకు ఎంతకాలము పట్టెనో, నేర్వని చోట ఎవరికి ఎట్టి హాని కలిగెనో నేటి ప్రసంగమున మనవి చేయదలచితిని. అది మనుష్యుని బుద్ధిని పరీక్షించి, కనుగొన్నదానిని కాగితముపై పెట్టు శాస్త్రము. బడులలోను ఆసుపత్రులలోను సలహాలు చెప్పుటకై శిక్షణ పొందు కౌన్సెలర్లును, మనశ్శాస్త్రజ్ఞులును నేర్వవలసిన ముఖ్యవిద్యలలో ఇది యొకటి.

ఈ విద్యకు బాట వేసినవారిలో అగ్రగణ్యుడు ఆల్‌ఫ్రెడ్ బినే అను ఫ్రెంచి పండితుడు. ఆయన 1857లో నీస్ నగరమున జన్మించెను. న్యాయశాస్త్రము చదివి, దానిని విడిచి, మనశ్శాస్త్రమును స్వయంకృషిచే అభ్యసించెను. యౌవనమున పారిసునందలి సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో అను ప్రసిద్ధ వైద్యుని యొద్ద చేరెను. అచ్చట ఫెరే అను వైద్యునితో కలిసి కొన్ని వింత ప్రయోగములు చేసెను. రోగిని మోహనిద్రయందుంచి ప్రక్కన అయస్కాంతమును పెట్టినచో, ఒక చేతియందలి తిమ్మిరియో, పట్టుతప్పుటయో రెండవ చేతికి మారునని వారిరువురు ప్రకటించిరి. 1887లో గ్రంథము కూడ వెలువరించిరి.

బెల్జియము దేశమునందలి లియేజ్ నుండి డెల్‌బెఫ్ అను పండితుడు వచ్చి ఆ ప్రయోగములను కన్నులార చూచెను. అయస్కాంతము రోగికి తెలియునట్లే ప్రయోగింపబడుచున్నది. ఏమి జరుగవలెనో రోగి వినుచుండగనే వైద్యులు మాటలాడుకొనుచున్నారు. రోగి వారి కోరికనే తీర్చుచున్నది! బినే మొదట వాదించెను. తుదకు తన పొరపాటును ఒప్పుకొనెను. ఒక పండితునకు ఇంతకంటె సిగ్గు మరియొకటి యుండదు. అయినను ఆ సిగ్గే ఆయనకు గురువైనది. పరీక్షించువాని మనస్సులోని యాశ, వానికి తెలియకయే, పరీక్షింపబడువాని జవాబులో చేరునని ఆయన గ్రహించెను. 1900లో బాలురు ఇతరుల సూచనలకు ఎట్లు లొంగుదురో తెలుపు గ్రంథమును ప్రకటించెను.

ఆ కాలమున తల పెద్దదైనచో బుద్ధి పెద్దదని పలువురు పండితులు నమ్ముచుండిరి. బినే కూడ బడి పిల్లల తలలను కొలిచెను. తెలివిగలవారికిని, వెనుకబడినవారికిని కనబడిన భేదము అత్యల్పము. అంతట ఆయనకు తనపైననే అనుమానము కలిగెను. తెలివిగల బాలుని తల పెద్దదిగా నుండవలెనను కోరిక తన చేతిని ఒక వెండ్రుకవాసి జరుపుచున్నదేమో! మరల కొలిచెను, తన సహాయుడైన సిమోన్ చేతను కొలిపించెను. కొలబద్ద సరిగా నున్నదా యని చూచినవారు లోకమున అనేకులు గలరు. కొలుచు చేయి సరిగా నున్నదా యని చూచుకొనినవారు అరుదు.

ఇంతలో ఫ్రాన్సుదేశమున 1882 నాటి నిర్బంధవిద్యా శాసనముచే ఎల్ల పిల్లలును బడికి వచ్చుచుండిరి. అందు కొందరు పాఠములందుకొనలేకుండిరి. వారికి ప్రత్యేక తరగతులు ఏర్పరచుటకు విద్యామంత్రి 1904లో ఒక సంఘమును నియమించెను. బినే అందు సభ్యుడు. ఎవరిని ఆ తరగతులకు పంపవలెనను ప్రశ్న వచ్చెను. బినేయు సిమోనును ఆసుపత్రుల ధ్రువపత్రములను తెప్పించి చూచిరి. ఒకే బాలుని ఒక వైద్యుడు ఒక పేరుతోను, వేరొకడు వేరొక పేరుతోను వ్రాసియుండెను. బిడ్డ మారలేదు; వ్రాసిన చేయి మారినది. అట్టి కాగితముపై బిడ్డ బ్రతుకు ఆధారపడుట న్యాయమా?

కావున 1905లో వారిరువురు 30 చిన్న పరీక్షలను వరుసగా కూర్చిరి. వెలుగుచున్న అగ్గిపుల్లను చూపుతో వెంబడించుట మొదటిది. బొమ్మలోని వస్తువుల పేర్లు చెప్పుట, విన్న మూడంకెలను తిరిగి చెప్పుట, బరువులను పోల్చుట, మూడు మాటలిచ్చిన వాటితో వాక్యము కూర్చుట మొదలైనవి తరువాతివి. 1908లో వీనినే సంస్కరించి, ఏ వయస్సు బిడ్డ ఏ పని చేయగలదో తెలుపునట్లు అమర్చిరి.

ఈ ప్రశ్నలు ప్రపంచమంతట వ్యాపించినవి. ప్రశ్నలతోపాటు బినే వ్రాసిన జాగ్రత్తలు మాత్రము అంతగా వ్యాపింపలేదు. పరీక్ష నిశ్శబ్దమైన గదిలో జరుగవలెను. బిడ్డను తక్కిన పిల్లలు లేకుండ ఒంటరిగా పిలువవలెను. క్రొత్తవానిని చూచి బెదరకుండ మొదటిసారి తెలిసినవారొకరు ప్రక్కన ఉండవచ్చును గాని వారు నోరు మెదపరాదు. పరీక్షకుడు ఆదరముతో మాటలాడవలెను, ధైర్యము చెప్పవలెను, జవాబును మాత్రము అందింపరాదు. బిడ్డ చెప్పినది చెప్పినట్లు వ్రాయవలెను. అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఈ పరీక్ష బిడ్డ యొక్క నేటి స్థితిని మాత్రమే తెలుపును. రేపటి స్థితిని గూర్చి యేమియు చెప్పదు. పొలమును గొలుసుతో కొలిచినట్లు బుద్ధిని కొలువలేమనియు వారు స్పష్టముగా వ్రాసిరి. బుద్ధి పెరుగదను వాదమును బినే 1909లో తీవ్రముగా ఖండించెను. కుంటికాలికి కర్రకట్టు కట్టి సరిచేసినట్లే, బొమ్మవలె కదలక నిలుచు ఆట మొదలగు అభ్యాసములచే బిడ్డ మనస్సును నిలుకడపరచవచ్చునని బోధించెను. 1911లో ఆయన గతించెను.

ఆయన గతించిన మరుసటి యేటనే జర్మనీ పండితుడు విలియం స్టెర్న్ బిడ్డ బుద్ధివయస్సును అసలు వయస్సుచే భాగించు పద్ధతిని చెప్పెను. 1916లో అమెరికా పండితుడు టెర్మన్ ఆ భాగఫలమును 100చే గుణించెను. బిడ్డను గూర్చిన విషయమంతయు ఒక్క అంకెలో ఇమిడిపోయినది. అంకె వ్రాయుట సులభము, అంకె చదువుట సులభము. చిక్కంతయు అక్కడనే మొదలైనది.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమందలి వైన్‌లాండ్ శిక్షణాలయములో హెన్రీ గొడార్డ్ అను పండితుడు పరిశోధన చేయుచుండెను. ఆయన 1908లో బినే పరీక్షను ఇంగ్లీషులోనికి తెచ్చెను. వేసవి తరగతులలో ఉపాధ్యాయులకు నేర్పించెను. 1913లో తన సహాయకురాండ్రను న్యూయార్కు రేవునందలి ఎల్లిస్ దీవికి పంపెను. ఐరోపానుండి ఓడలలో వలసవచ్చు బీదలు అక్కడ దిగుచుండిరి. ఒకామె జనమును చూచి మందబుద్ధులని తోచినవారిని ఎంచుట, ఇంకొకామె దుబాసీ సహాయముతో పరీక్షించుట వారి పద్ధతి. ప్రయాణపు బడలికలో నున్నవారిని, జన్మమున కలము పట్టనివారిని నేటి తేదీ యేమని యడిగిరి. మూడు నిమిషములలో 60 మాటలు చెప్పుమనిరి. తుదకు 1917లో గొడార్డ్ ప్రకటించిన దేమన: పరీక్షింపబడిన యూదులు, హంగేరియనులు, ఇటాలియనులు, రష్యనులు అను నాలుగు తెగలలో ప్రతిదానియందును నూటికి ఇంచుమించు 80 మంది మందబుద్ధులట! ఈ మహాసంఖ్యకు ఆధారమైనవారు అన్ని తెగలు కలిసి 152 మంది.

అదే దీవిలో హోవర్డ్ నాక్స్ అను వైద్యుడుండెను. ఆయనకు ఈ విధము నచ్చలేదు. తెలియని భాషలో, చదువు లేనివానిని, బడిలోని ప్రశ్న లడుగుట తగదని తలచి మాటలు లేని పరీక్షలు కల్పించెను. నాలుగు చెక్కముక్కలను వరుసగా నుంచి, ఇంకొక ముక్కతో ఒక క్రమమున తట్టి చూపుట, ఎదుటివాడు అట్లే తట్టుట అందొకటి. పలుకరించు భాష లేనప్పుడు చేతితో పలుకరించుట యన్నమాట. ఆ చెక్కముక్కల పరీక్ష నాక్స్ పేరుతోనే నిలిచినది.

గొడార్డ్‌కు న్యాయము చేయవలెనన్నచో ఇంకొక మాట చెప్పవలెను. 1928లో ఆయన తన పూర్వాభిప్రాయములను చాలవరకు ఉపసంహరించుకొనెను. తాను మందబుద్ధు లన్నవారిలో అత్యధికులు తగిన శిక్షణచే లోకములో బ్రతుకగలరని ఒప్పుకొనెను. అప్పటికి కొందరి విషయమున కాలము మించిపోయినది.

వర్జీనియా రాష్ట్రమున కేరీ బక్ అను పేదయువతి యుండెను. పెంచినవారు ఆమెను మందబుద్ధుల శరణాలయమునకు పంపిరి. ఆమె తల్లి అప్పటికే అందుండెను. ఆమెకు 1924లో ఆడశిశువు పుట్టెను. మందబుద్ధులకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయవచ్చునను శాసనము ఆ యేడే వచ్చెను. తల్లికిని కూతురికిని బినే పరీక్ష చేసి అంకెలు వ్రాసిరి. మూడవ తరము కూడ అట్టిదేయని చూపవలసివచ్చెను. ఏడెనిమిది నెలల ఆ శిశువును చూచిన యొక సంఘసేవకురాలు, దాని చూపులో ఏదో తేడా యున్నదనియు, అదేమో తాను చెప్పలేననియు సాక్ష్యమిచ్చెను. ఆ మాట న్యాయస్థానపు కాగితములకెక్కెను. 1927లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము శాసనమును సమర్థించెను. ఆ యేడే కేరీ బక్‌కు శస్త్రచికిత్స జరిగెను. ఆ శిశువు వివియన్ పెరిగి బడికి పోయి, ఒకసారి మంచి విద్యార్థినుల పట్టికలో కూడ చేరి, 1932లో ఎనిమిదవ యేట జబ్బుచే మరణించెను. కేరీకి మరి బిడ్డలు కలుగలేదు. 2002లో ఆ రాష్ట్ర గవర్నరు క్షమాపణ చెప్పెను. కేరీ 1983లోనే కన్ను మూసెను.

ఆర్యులారా, ఆ సాక్ష్యమును మరల తలచుడు. "ఏదో యున్నది, అదేమో చెప్పలేను." పంచాయతీలో సాక్షి ఇట్లు చెప్పినచో మన పెద్దలు ఊరకుందురా? "చూచినదేదో చెప్పుము, లేనిచో కూర్చుండుము" అనరా?

భాష విషయమున పాఠము నేర్చుకొనుటకు ఇంకను ఆలస్యమైనది. కాలిఫోర్నియాలో ఇంట స్పానిషు మాటలాడు తొమ్మిదిమంది పిల్లలను ఇంగ్లీషులో పరీక్షించి మందబుద్ధుల తరగతిలో వేసిరి. తలిదండ్రులు వ్యాజ్యము వేసిరి. స్పానిషులో మరల పరీక్షింపగా వారిలో పెక్కుమంది ఆ గీతను దాటిపోయిరి. 1970లో కుదిరిన రాజీప్రకారము ఇంటిభాషలో పరీక్షించుట విధియైనది. మన దేశమున ఈ యెరుక ముందే కలిగినది. డాక్టరు కామత్ బినే పరీక్షను మరాఠీ కన్నడ బాలుర కనుగుణముగా మార్చి 1940లో గ్రంథము ప్రకటించెను. తెలుగునాట సికిందరాబాదులో 1984లో బుద్ధిమాంద్యముగల బిడ్డలకై జాతీయసంస్థ వెలసెను. 1992 నాటి శాసనముచే పునరావాస వృత్తులవారు నిర్ణీత శిక్షణ పొంది పేరు నమోదు చేసికొనుట విధింపబడినది.

ఇప్పుడు శిక్షణలో నేర్పునదేమి? ప్రశ్నలపుస్తకము వల్లెవేయుట చాలదు. శిష్యుడు పరీక్షించుచుండగా గురువు చూచును. పిదప తప్పులు చెప్పును. ఎక్కడ తొందరపడితివి, ఎక్కడ జవాబునకు తలయూపితివి, బిడ్డ అలసినను ఎందుకు ఆపవైతివి యని నిలదీయును. తరువాతిది నివేదిక. బిడ్డను ఎవరు, ఎందుకు తెచ్చిరి, ఏ భాషలో, ఏ పరీక్ష జరిగెను, అప్పుడు బిడ్డ ఎట్లుండెను అని వ్రాయవలెను. కంటితో చూచినదొక చోట, తాను ఊహించినది వేరొక చోట ఉండవలెను. అంకెకు అటు నిటు పొరపాటునకు చోటున్నదని తెలుపవలెను. 1959లో అమెరికా సంఘమొకటి ప్రకటించిన నిర్వచనము మొదలుకొని, అంకెతోపాటు నిత్యజీవనములో బిడ్డ ఏమి చేయగలడో చూచుట నియమమైనది. అంకె తక్కువైనను మేకలను తోలుకొనిపోయి లెక్క తప్పక తోలుకొనివచ్చు బాలుని సామర్థ్యము నివేదికలో చోటు చేసికొనవలెను. తుదకు, ఏమి చేసినచో బిడ్డకు మేలో చెప్పవలెను. అది లేని నివేదిక రోగము పేరు చెప్పి మందు చెప్పని వైద్యుని వంటిది.

మీ యూరి బిడ్డను గూర్చి ఎవరైన ఇట్టి కాగితమును మీ యొద్దకు తెచ్చినచో అంకెను చూచి నిట్టూర్చకుడు. తెలుగులో అడిగిరా, పరభాషలో అడిగిరా? ఎప్పుడు పరీక్షించిరి? బిడ్డకు అప్పుడు జ్వరమో, ఆకలియో, భయమో ఉండెనా? చెవి చక్కగా వినబడునా? ఏమి నేర్పుమని వ్రాసిరి? ఈ ప్రశ్న లడుగు అధికారము తలిదండ్రులకు కలదు. అడుగు ధైర్యము మీ రిచ్చుడు.

ఇంకొక విన్నపము. కాగితము లేకుండనే మనమును నిత్యము నివేదికలు వ్రాయుచున్నాము. రచ్చబండపై కూర్చుండి "వాడు ఉత్త మొద్దు" అని పెద్దలన్న మాట ఆ బిడ్డ చెవిని పడును. అది ఏ కాగితముకంటెను గట్టిగా నిలుచును. బినే తన చేతిని తాను అనుమానించినట్లు మన నోటిని మనము అనుమానించుకొనుట మంచిది. బిడ్డ నేడెట్లున్నాడో చెప్పుటకు మనకు చేతనగును. రేపెట్లుండునో చెప్పుటకు మన కధికారము లేదు.