లేయా గోల్డ్‌బెర్గ్ (1911–1970)

హీబ్రూ కవయిత్రియు, శిశుసాహిత్య నిర్మాత్రియు నైన లేయా గోల్డ్‌బెర్గ్ 1911 మే 29వ తేదీన నాటి జర్మనీలోని కోనిగ్స్‌బెర్గ్ నగరమున జన్మించి, లిథువేనియాలోని కౌనాస్ పట్టణమున పెరిగెను. ప్రథమ ప్రపంచ సంగ్రామకాలమున రష్యాకు తరలిపోయిన కుటుంబము స్వస్థలమునకు మరలి వచ్చుచుండగా, సైనికులు ఈమె తండ్రిని గూఢచారి యని నిర్బంధించి, దినదినమును చంపుదుమని నిలువబెట్టి, చంపక విడుచుచు క్రూరవినోదము సల్పిరి. తత్ఫలితముగా ఆయనకు మతి చలించెను. ఈమె కవిత్వమున నిగూఢముగా ప్రవహించు విషాదమునకు మూలము నిచ్చట వెదకుట అనుచితము కాదు.

ఇంట రష్యను భాషయే యైనను, బడిలో నేర్చిన హీబ్రూనే ఈమె రచనకు వరించెను. బాన్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పట్టమును 1933లో పొంది, 1935లో తెల్ అవీవ్ చేరెను. ప్రథమ కవితాసంపుటి ఆ యేడే వెలువడెను. ష్లోన్‌స్కీ, ఆల్టర్‌మన్ ప్రభృతుల నవ్యకవి కూటమిలో నుండియు, ఈమె ఆడంబరము నొల్లక, తేట మాటలనే పాత ఛందోరూపములలో ఇమిడ్చెను.

బాలగేయమును తీరిక వేళల పనిగా నెంచు పండితులు మన దేశమునను గలరు. ఈమె మాత్ర మట్లు తలపలేదు. పత్రికలలో ఆర్యే నవోన్ గీసిన బొమ్మల కథలకు పద్యములు కూర్చెను. కిబుట్జ్ అను సమష్టి గ్రామమునందలి కుక్కపిల్లను నాయకునిగా జేసి ‘ప్లూటో’ కథను వ్రాసెను. వీని యన్నిటిలో ‘అద్దెకు ఇల్లు’ అనదగు గేయకథ మిన్న. అయిదంతస్తుల మేడలో కోడిపెట్ట, కోకిల, నల్లపిల్లి, ఉడుత కాపురముండగా, ఎలుక విడిచిపోయిన వాటాను చూడవచ్చిన ప్రతి జంతువును గదులను మెచ్చి పొరుగును నిందించును. పిల్లి నలుపు తనకు సరిపడదన్న పందిని ఆ పొరుగువారే వెడలగొట్టుదురు. తుదకు వచ్చిన పావురము గదులు ఇరుకని యెంచియు, పొరుగు నచ్చి దిగును. నీతిని పైకి చెప్పక కథనే చెప్పనిచ్చుట యిందలి నేర్పు.

‘యుద్ధము–శాంతి’ని, పెట్రార్కు గీతములను ఈమె హీబ్రూలోనికి తెచ్చెను, యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమున తులనాత్మక సాహిత్యశాఖను నెలకొల్పెను. అవివాహితయై తల్లితో జీవించి, 1970 జనవరి 15న మరణించెను. ఆ సంవత్సరపు ఇజ్రాయెల్ పురస్కారమును తల్లి స్వీకరించెను. 2017 నుండి నూరు షెకెళ్ల నోటుపై ఈమె చిత్రము ముద్రితమగుచున్నది.