మెదడు బొమ్మలో ఎడమ ఏది?

కెనడాలోని మాంట్రియల్‌లో 152 మంది మెదళ్లకు ఎంఆర్‌ఐ తీసి, వాటన్నిటి సగటుగా ఒక ప్రామాణిక మెదడు చిత్రం తయారుచేశారు. ప్రపంచమంతటా ప్రయోగశాలలు దాన్ని కొలబద్దగా వాడతాయి. బాగా వాడుకలో ఉన్న ఒక రూపంలో అది 91 నిలువు వరసలు, 109 అడ్డు వరసలు, 91 పొరలు. అంటే 9,02,629 చిన్న ఘనాలు. ఒక్కో ఘనాన్ని వాక్సెల్ అంటారు. దాని పక్కలు రెండేసి మిల్లీమీటర్లు, దానికి ఒక సంఖ్య. ఫైల్లో ఈ సంఖ్యలన్నీ ఒకే బారుగా ఉంటాయి. ఎక్కడ వరస ముగిసిందో, ఎక్కడ పొర మారిందో చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు. వరసకు 91 అనుకోవలసిన చోట 92 అనుకుంటే చాలు, బొమ్మ మొత్తం ఏటవాలుగా చెదిరిపోతుంది.

ఆ 91 ఎక్కడ రాసి ఉంటుంది? హెడర్‌లో, అంటే చిత్రం వివరాలు రాసే భాగంలో.

ఈ హెడర్ కథ మొదలైంది అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు రాచెస్టర్‌లోని మేయో క్లినిక్‌లో. అక్కడ రిచర్డ్ రాబ్ బృందం వైద్య చిత్రాల కోసం 'అనలైజ్' అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. దాని 7.5 రూపంలోని ఫైలు పద్ధతిని మెదడు పరిశోధకులు తమదిగా చేసుకున్నారు. చిత్రానికి రెండు ఫైళ్లు: ఒకదాంట్లో వట్టి సంఖ్యలు, రెండోదాంట్లో 348 బైట్ల హెడర్. ఈ హెడర్‌లో మొదటి 40 బైట్లు ఫైలు పరిచయం, తర్వాతి 108 కొలతలు, చివరి 200 చిత్రం చరిత్ర.

హెడర్‌లో మొట్టమొదటి సంఖ్య కూడా 348. తన పొడవు తానే చెప్పుకోవడం వృథా అనిపించవచ్చు గానీ, అసలు కీలకం అక్కడే ఉంది. 348 అంటే ఒక 256, పైన 92. ఇంటెల్ చిప్పు కంప్యూటర్లు చిన్న భాగాన్ని ముందు పెట్టి 92, 1, 0, 0 అని నాలుగు బైట్లు రాస్తాయి. ప్రయోగశాలల్లో ఒకప్పుడు విరివిగా ఉన్న సన్ కంప్యూటర్లు పెద్ద భాగాన్ని ముందు పెట్టి 0, 0, 1, 92 అని రాసేవి. ఒకదానిలో రాసింది ఇంకొకదానిలో యథాతథంగా చదివితే 348 కాస్తా 154,35,69,408 అవుతుంది. ఈ వెర్రి సంఖ్య కనబడగానే ప్రోగ్రాముకు బైట్లను తిరగేసి చదవాలని తెలిసిపోతుంది. ఈ రెండు పక్షాలకు 1980లో కంప్యూటర్ శాస్త్రవేత్త డానీ కోహెన్ 'చిన్న కొస', 'పెద్ద కొస' అనే అర్థం వచ్చే పేర్లు పెట్టారు. గుడ్డును పెద్ద కొస నుంచి పగలగొట్టాలా, చిన్న కొస నుంచా అని గలివర్ కథలో లిల్లిపుట్ జనం యుద్ధాలు చేసుకున్నారు. ఆ పేర్లు అక్కడివే.

చెదిరిన బొమ్మ, తిరగబడిన బైట్లు చూడగానే పట్టుబడతాయి. పట్టుబడని తప్పు ఒకటుంది. రోగికి ఎదురుగా నిలబడి చూసే రేడియాలజిస్టుకు రోగి కుడి పక్క బొమ్మలో ఎడమన ఉంటుంది. మెదడు పరిశోధకుల్లో చాలామందికి ఎడమ ఎడమనే ఉండాలి. అనలైజ్ హెడర్‌లో దిక్కు చెప్పడానికి ఒక్కటే బైటు ఉండేది, దాన్ని అన్ని ప్రోగ్రాములూ ఒకేలా పాటించలేదు. ఒక ప్రోగ్రాము అనుకున్న కుడి ఇంకొకదానికి ఎడమ అయ్యేది. రెండు సగాలూ ఇంచుమించు ఒకేలా ఉండే అవయవం కాబట్టి, తిరగబడిన మెదడు కూడా చక్కని మెదడులాగే కనిపిస్తుంది. మాటకు ఆధారం ఎక్కువమందిలో ఎడమ సగమేనని పారిస్‌లో పాల్ బ్రోకా 1865లోనే ప్రకటించాడు. దాన్ని బట్టి ఈ తప్పు బరువెంతో ఊహించవచ్చు.

2003లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ప్రోత్సాహంతో ఒక బృందం కూర్చుంది. వేరువేరు సాఫ్ట్‌వేర్లు రాసినవాళ్లు ఒక బల్ల దగ్గరికి చేరారు; ఆ సంస్థలకు చెందిన రాబర్ట్ కాక్స్‌ది ఇందులో ముఖ్యపాత్ర. వాళ్లు తెచ్చిన 'నిఫ్టీ' పద్ధతిలో నన్ను కట్టిపడేసేది వాళ్ల పొదుపు. పాత ప్రోగ్రాములు మూలపడకూడదని హెడర్‌ను 348 బైట్లలోనే ఉంచారు, కొలతల చోటు కదపలేదు. పాత హెడర్‌లో రోగి సంఖ్య, పరీక్ష తేదీ, సమయం రాసే చోట్లను తీసుకుని, ఆ జాగాలో వాక్సెల్‌ను నిజమైన తలలోని చోటుతో కలిపే లెక్కను అమర్చారు. ఇందులో మొదటి అక్షం పెరిగితే కుడికి, రెండోది ముందుకు, మూడోది పైకి. దీన్ని సరిగా రాసినంతవరకు అనుమానానికి తావులేదు. ఎవరి పనినీ పాడుచేయకుండా ఇంత పెద్ద గొడవ తీర్చిన పని విజ్ఞానశాస్త్రంలో తరచుగా కనిపించదు. 2011లో వచ్చిన రెండో రూపానికి హెడర్ 540 బైట్లు. పాతదానిలో ఏ కొలతా 32,767 దాటడానికి వీల్లేకపోవడం దానికి ఒక కారణం.

మాంట్రియల్ కొలబద్ద మన తలలకు సరిపోతుందా అన్న ప్రశ్నకు జవాబుగా హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం 100 మంది భారతీయుల ఎంఆర్‌ఐలతో ఒక మెదడు పటం తయారుచేసి 2019లో వెల్లడించింది. పాశ్చాత్యుల మెదడుకంటే మనది సగటున చిన్నదని అందులో తేలింది. వంద తలలను ఒకదానిమీద ఒకటి పేర్చే ఇలాంటి పనిలో ప్రతి ఫైల్లోనూ కుడి కుడిగానే ఉండాలి.

అయితే హెడర్‌లో దిక్కు రాయకుండా ఖాళీ వదిలేయడానికి నిఫ్టీలోనూ వీలుంది, మధ్యలో ఏ ప్రోగ్రామైనా తప్పు రాయనూవచ్చు. అందుకే కొన్ని ప్రయోగశాలల్లో స్కాన్‌కు ముందు ఒక పక్క కణతకు విటమిన్ ఇ మాత్ర అతికిస్తారు. అందులోని నూనె ఎంఆర్‌ఐలో తెల్లగా మెరుస్తుంది, ఆ చుక్క వాక్సెల్ సంఖ్యల్లోనే ఉంటుంది కాబట్టి హెడర్ ఏం చెప్పినా దాన్ని సరిచూసుకోవచ్చు.