జున్నుకు పనికివచ్చిన పాలు

మీ ఇంట గేదె ఈనిన రోజులు మీకు జ్ఞాపకమున్నాయా? తొలి రెండు మూడు పూటల పాలలో దూడకు కొంత వదిలి, మిగిలిన వాటితో బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి ఇరుగుపొరుగులకు పంచేవారు. అదే ఇంట కోడలు ప్రసవిస్తే ఆమె ముర్రుపాలను మాత్రం చెడుపాలని పిండి పారబోయించేవారు. శిశువు నోట తేనె చుక్కో, చక్కెర నీళ్లో, ఆముదమో వేసి మూడవ రోజు దాకా ఆపేవారు. వరంగల్ పరిసర గ్రామాల తల్లుల నోట ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

దీనిని పల్లెటూరి అజ్ఞానమని కొట్టివేయడం తేలిక. కాని సుశ్రుత సంహిత శారీరస్థానం పదవ అధ్యాయం చూడండి. ప్రసవమైన మూడు నాలుగు రాత్రులకు గాని స్తన్యం రాదని చెప్పి, అంతవరకు తేనె, నెయ్యి వంటివి ఇమ్మని అందులో ఉంది. పాలు నిండుగా పడేది మూడవ రోజు ప్రాంతాననే పరిశీలన సరైనదే. అంతకుముందు వచ్చే పచ్చని చిక్కటి పాల విలువే ఆనాటివారికి అందలేదు. రోగాలను అడ్డుకునే ప్రతిరక్షకాలు అందులోనే మెండుగా ఉంటాయి. మొదటి రోజున బిడ్డ ఒక్కో దఫా తాగేది కొద్ది మిల్లీలీటర్లే కనుక ఆ కొంచెమే చాలు.

అయితే ఆ పురిటి గదిలో ఒక మేలు ఉండేది. తొలికాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి వెళ్లేది. పక్కన అమ్మ, అమ్మమ్మ, మంత్రసాని ఉండేవారు. రొమ్ము గడ్డకట్టినా, చనుమొన చిట్లినా ఆమె ఒంటరిగా బెంబేలెత్తవలసిన పని లేదు.

పిమ్మట డబ్బా వచ్చింది. 1867లో స్విట్జర్లాండులో హెన్రీ నెస్లే తన శిశు ఆహారపు పొడిని తయారుచేశాడు. 1939లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ సింగపూర్ రోటరీ క్లబ్బులో ప్రసంగిస్తూ, తియ్యటి డబ్బా పాలను పసిపిల్లలకు అంటగట్టడాన్ని హత్యతో సమానమన్నారు. ప్రపంచం ఆ మాట వినడానికి నలభై ఏళ్లు పట్టింది. 1981 మే 21న ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల విక్రయంపై అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. అనుకూలంగా 118 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటి. ఆ ఒక్కటి అమెరికాది. మన పార్లమెంటు 1992లో చట్టం చేసింది, 1993 ఆగస్టు 1 నుండి అది అమలులోకి వచ్చింది. 2003 సవరణతో రెండేళ్లలోపు పిల్లల ఆహారపు ప్రకటనలన్నీ నిషిద్ధమయ్యాయి, వైద్యులకు కానుకలూ సదస్సులకు సొమ్మూ ఇవ్వడం కూడా.

కానుకలన్నాను గదా. చట్టానికి ముందు బొద్దుపాపాయి క్యాలెండరు నా గదిలోనూ వేలాడింది. పాలు చాలడం లేదన్న తల్లికి, బిడ్డ రొమ్ము ఎలా పట్టుకుంటున్నాడో ఒక్క నిమిషం చూడకుండా, డబ్బా పేరు రాసిచ్చిన రోజులు నాకున్నాయి. ఆ తల్లి ఖర్చుకు వెరచి పొడి తగ్గించి నీళ్లు పెంచేది. ఆ నీళ్లు బావివి. కొన్ని వారాలకు అదే బిడ్డ విరేచనాలతో, గుంటలు పడిన కళ్లతో వార్డుకు తిరిగి వచ్చేవాడు. క్యాలెండరు గోడ దిగింది గాని, ఆ చీటీలు నా మనసు నుండి దిగలేదు.

ఇప్పటి మాట చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి, 60.7 శాతం శస్త్రచికిత్సతో. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్నది సుమారు 37 శాతం శిశువులకే. ముర్రుపాలు పారబోయించే అత్తగారు ఈనాడు అరుదు. ఆపరేషనైన తల్లి ఒకచోట, బిడ్డ మరొకచోట, తండ్రి మందుల దుకాణం ముందు! మంత్రసాని వెళ్లిపోయింది, ఆమె పీట మాత్రం ఖాళీగానే ఉంది. వెన్నులో మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. స్థిమితంగా ఉన్న బిడ్డను బల్లమీదనే రొమ్ముకు చేర్చవచ్చు, పట్టుకునే చేయి ఒకటి ఉంటే.

కనుక మీ అమ్మాయిని హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికో, వరంగల్ సీకేఎంకో, మరే ప్రైవేటు ఆసుపత్రికో తీసుకువెళ్లేటప్పుడు ఆ చేయి ఎవరిదో ముందే అడగండి. ఇంటికి వచ్చాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త రావాలి. బరువు తూచి పంపివేయక, బిడ్డ పాలు తాగేటప్పుడు కూర్చుని చూడమనండి. నోరు బాగా తెరిచి, గడ్డం రొమ్ముకు ఆని, చనుమొనతో పాటు నల్లని భాగం చాలావరకు నోట్లో ఉండాలి. మొదటి వారం గడిచాక రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే.

పత్తి చేలకు, మిర్చి కోతలకు వెళ్లే తల్లికి 26 వారాల జీతపు సెలవు దక్కదు. ఆమె శుభ్రమైన చేతులతో పాలు పిండి, మూతపెట్టి, నీడన ఉంచి వెళ్తే నాలుగు గంటల్లోపు అవ్వ పట్టవచ్చు. అందుకు సీసా వద్దు. అటక మీది ఉగ్గుగిన్నెను దించి, మరిగే నీటిలో వేసి తీయండి.