హెరాల్డ్ ముందద్దం: ఎప్పుడు మార్చాలి అన్నదానికి మా ఇంటి జవాబు

పోయిన నెల సమావేశం అయిపోయాక కాఫీల దగ్గర ఒక తమ్ముడు అడిగాడు. వాళ్ళ తాతగారి పాత ఫియట్ ముందద్దం మీద గీతలు పడ్డాయట. మార్చమని ఒకరు, ఒరిజినల్ అద్దం పోగొట్టుకోవద్దని ఇంకొకరు చెబుతున్నారట. మా హెరాల్డ్‌కు మేము అద్దం మార్చిన సంగతి తెలిసి మమ్మల్ని అడిగాడు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదని ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ బండి గురించి చెప్పాలి. ఇప్పటి పిల్లలకు స్టాండర్డ్ హెరాల్డ్ అంటే తెలియదు. ఆ రోజుల్లో మన దేశంలో కారు కొనాలంటే మూడే దారులు: అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్. మొదటిది కలకత్తాది, రెండోది బొంబాయిది, మూడోది మన మద్రాసుది. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ను 1961 నుంచి ఇక్కడ వండలూరు దగ్గర ఫ్యాక్టరీలో స్టాండర్డ్ పేరుతో తయారుచేశారు. రూపం గీసింది మైకెలోటి అనే ఇటలీ ఆయన. 948 సీసీ ఇంజను, మొదట్లో రెండే తలుపులు. బానెట్ మొత్తం మడ్‌గార్డులతో సహా ముందుకు వాలిపోతుంది, టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. ఇరుకు సందులో కూడా ఒక్క తిప్పుతో తిరిగేది. అంబాసిడర్ పెళ్ళివారి బండి అయితే హెరాల్డ్ కుర్రకారు బండి. చోళవరంలో పందేలకు కూడా దిగేది.

చోళవరం అంటే మన నెల్లూరు రోడ్డు మీదే కదా. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు అక్కడ ఏటా పందేలు పెట్టేవాళ్ళు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిన కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకు చోళవరమే తిరుపతి. నాయన బండిలో ఎప్పుడూ పందేనికి దిగలేదు కానీ, మా అన్నదమ్ములు ముగ్గురినీ ఎక్కించుకుని చూడటానికి మాత్రం తీసుకుపోయేవాడు. ఎండలో రన్‌వే పక్కన పులిహోర పొట్లాలు విప్పుకుని తిన్నది మాకు ఇప్పటికీ గుర్తు. ఎవరు గెలిచారో ఒక్కటీ గుర్తు లేదు.

నాయన ఆ బండిని సెకండ్ హ్యాండులో 1974లో కొన్నాడు. అప్పటికే హెరాల్డ్ ఆగిపోయి 1972లో గజెల్ వచ్చింది, అందుకే చవకగా దొరికింది. పురసవాక్కం ఇంటి నుంచి సూళ్ళూరుపేట దగ్గర మా ఊరికి నెలకు ఒకసారన్నా పోవాల్సిందే. పొలం అక్కడ, మేనత్త అక్కడ.

1981 వేసవిలో తడ దాటాక జరిగింది అసలు సంగతి. ఎదురుగా వస్తున్న లారీ చక్రం కింది నుంచి గులకరాయి ఎగిరింది. టప్పుమని చప్పుడు, అంతే. అద్దం పగిలి పడిపోలేదు. ఉన్నచోటే మొత్తం ఒక్కసారిగా తెల్లబడిపోయింది, పాలు పోసినట్టు. ముందు ఏమీ కనపడలేదు. నాయన పిడికిలితో గుద్ది కంత చేసి, దానిలోంచి చూస్తూ బండిని పక్కకు దించాడు. ఆ గుద్దుకు గాజు గులకలన్నీ ముందు సీట్లో ఉన్న అమ్మ మీద పడ్డాయి. ఒడిలో చిన్నవాడు. అమ్మ వాడి మీదికి వంగింది. వాడికి ఏమీ కాలేదు కానీ అమ్మ ఎడమ కనుబొమ మీద తెగింది. ఆ మచ్చ ఆమెతోనే పోయింది.

అద్దం అలా ఎందుకు పగిలిందో మాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. ఇక్కడే కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

కార్లు కొత్తగా వచ్చినప్పుడు ముందు మామూలు కిటికీ గాజే పెట్టేవాళ్ళు. పగిలితే కత్తులే. 1903లో ఫ్రాన్సులో ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి బల్ల మీంచి ఒక గాజు సీసా కింద పడింది. పగుళ్ళిచ్చింది గాని ముక్కలు విడిపోలేదు. లోపల ఎప్పుడో ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర గాజు ముక్కల్ని పట్టి ఉంచింది. దాని మీద పని చేసి 1909లో పేటెంటు తీసుకున్నాడు. రెండు గాజు పలకల మధ్య ఒక పొర, దాన్నే లామినేటెడ్ అద్దం అంటున్నాం. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయు ముసుగుల కళ్ళకు వాడారు, 1920ల చివరికి ఫోర్డు కార్లకు ఎక్కింది. ఆ తొలి పొర ఎండకు పచ్చబడిపోయేది. 1930ల చివర పీవీబీ అనే ప్లాస్టిక్ పొర వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది.

ఇంకో దారి టఫెన్డ్ గాజు. గాజును ఆరువందల డిగ్రీల పైకి కాల్చి, రెండు పక్కలా ఒక్కసారిగా చల్లగాలి కొడతారు. పైపొర బిగుసుకుంటుంది, లోపలిది లాగుతూ ఉంటుంది. మామూలు గాజు కన్నా నాలుగైదు రెట్లు గట్టిది. కానీ ఆ బిగువు ఒక్కచోట తెగిందంటే మొత్తం తెగుతుంది, శనగగింజలంత ముక్కలైపోతుంది. పెద్దగా కోసుకోదు నిజమే, కానీ ఎదురుగా ఏమీ కనపడదు. అమెరికాలో లామినేటెడ్ పట్టుకున్నారు. ఇంగ్లండులో చాలాకాలం టఫెన్డే చవక అని దాన్నే పెట్టారు. ఇంగ్లండు నమూనా మీద తయారైన మా బండికీ వచ్చింది అదే. తడ దగ్గర తెల్లబడింది అదే.

మన దేశంలో మోటారు వాహనాల నిబంధనలు 1989లో వచ్చాయి. ఆ తర్వాత మూడేళ్ళు గడిచాక తయారయ్యే బండ్లకు ముందద్దం లామినేటెడ్ అయి తీరాలని వందో నిబంధన. అంటే అంతకు ముందు బండ్లను ఆ మాట పట్టుకోలేదు. మా హెరాల్డ్‌ను టఫెన్డ్ అద్దంతో ఈరోజు నడిపినా ఆ మాట మీద ఎవరూ ఆపరు. కాబట్టి మార్చాలా వద్దా అన్నది సర్కారు చెప్పే మాట కాదు, మనమే తేల్చుకోవాలి.

1981లో నాయన ఏమీ తేల్చుకోలేదు. తెలియదు కాబట్టి. పుదుపేటలో విప్పేసిన ఇంకో హెరాల్డ్ అద్దం దొరికింది, తెచ్చాడు. (మద్రాసు మనకు దక్కకపోయినా పుదుపేట దక్కిందని ఆయన జోకు. దొరకని సామాను లేదు అక్కడ.) ఆ అద్దాన్ని మా పెద్దన్నతో కలిసి తన చేత్తో తనే బిగించాడు. ఆ కాలపు బండ్లకు అద్దాన్ని గమ్‌తో అంటించరు, రబ్బరు బీడింగే పట్టి ఉంచుతుంది. ముందు అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, రబ్బరు గాడిలో సన్నటి నైలాను తాడు చుట్టి, సబ్బునీళ్ళు రాసి, బయటి నుంచి ఒకరు అదిమితే లోపలి నుంచి ఇంకొకరు తాడు లాగుతారు. లాగేకొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు మీదికి ఎక్కి కూర్చుంటుంది. తాడు లాగింది పెద్దన్న. అప్పుడు పద్నాలుగేళ్ళు.

అందుకే ఆ అద్దం మార్చుదామని మేము ఎప్పుడు అన్నా ఆయన ఒప్పుకోలేదు. నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఎడమ మూల రోడ్డు టాక్సు టోకెన్లు ఒకదాని మీద ఒకటి అంటించిన గుండ్రటి మరక ఇంకా ఉంది. "పగల్లేదు కదరా, ఎందుకు మార్చేది?" అనేవాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు ఉండేది కాదు. నిజమే, పగల్లేదు.

జవాబు ఒక రాత్రి దొరికింది. మేనత్తను ఉగాదికి మద్రాసు తీసుకొస్తున్నాం. నడిపేది పెద్దన్న, పక్కన అత్త, వెనక మేము. గుమ్మిడిపూండి ఇవతల సర్వీసు రోడ్డులోకి దిగాం. ఎదురుగా లారీ లైటు పడగానే అద్దం మొత్తం మంచులా వెలిగింది. నలభై ఏళ్ళ ఇసుక, వైపరు రబ్బరు అరిగాక ఇనుము గీసిన వంపు గీతలు, ప్రతి గీతా ఒక దీపమైంది. లారీ దాటాక కనపడ్డాడు, సైకిలు నడిపించుకుంటూ పోతున్న మనిషి, బండికి నాలుగడుగుల్లో. బ్రేకు పడింది. ఆయన తిట్టాడు, అత్త దేవుణ్ణి తలచుకుంది. పెద్దన్న మాధవరం వచ్చేదాకా నోరు విప్పలేదు. అక్కడ బండి ఆపి, "దింపేద్దాం" అన్నాడు. బండిని అనుకున్నాం. అద్దాన్ని.

విప్పిన రోజున ఇంకో సంగతి బయటపడింది. కింది కుడి మూల రబ్బరు కింద రేకు తుప్పు పట్టి అరచేయంత మేర పొరలు పొరలుగా ఉబ్బింది. వానాకాలం డ్రైవరు కాళ్ళ దగ్గర చాప ఎందుకు తడిసేదో అప్పుడు తెలిసింది. ఆ ఉబ్బిన తుప్పు అద్దం అంచును నొక్కుతూ ఉంది. అంచున చిన్న పెచ్చు కూడా లేచి ఉంది. టఫెన్డ్ గాజుకు ప్రాణం అంచుల్లోనే ఉంటుంది, నడిమిన దెబ్బ తట్టుకున్నా అంచున తట్టుకోదు. గుంతలో పడ్డ రోజునో, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన రోజునో అది తనంత తానే తెల్లబడి ఉండేది. మళ్ళీ ముందు సీట్లో ఎవరు ఉండేవాళ్ళో.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకు వస్తాం. ముందు మీ అద్దం ఏ రకమో తెలుసుకోండి. మూలన చిన్న ముద్ర ఉంటుంది, అక్షరాలు అరిగిపోకపోతే దాంట్లోనే రాసి ఉంటుంది. అరిగిపోయి ఉంటే పోలరైజ్డ్ చలువ కళ్ళజోడు పెట్టుకుని పగటి వెలుతురులో చూడండి. టఫెన్డ్ అయితే చల్లగాలి కొట్టిన గుర్తులు మచ్చలు మచ్చలుగా వరసగా కనపడతాయి. అది టఫెన్డ్ అని తేలితే, ఆ బండిని రోడ్డు మీద నడుపుతున్నట్టయితే, పగిలేదాకా ఆగొద్దని మా మాట. షెడ్డులో బొమ్మలా ఉంచుకుంటే సరే, ఉండనివ్వండి. చిన్న పెచ్చుకు రెసిన్ పోయడం లాంటి మరమ్మతు టఫెన్డ్‌కు ఉండదు.

లామినేటెడ్ అయితే తొందర లేదు. రూపాయి బిళ్ళ లోపు దెబ్బ, డ్రైవరు కళ్ళ ఎదురుగా కాకుండా, అంచుకు దూరంగా ఉంటే రెసిన్‌తో ఆపవచ్చు. దాంట్లో నీళ్ళు, మట్టి చేరక ముందే చేయించాలి, అప్పటిదాకా పైన టేపు అంటించండి. పగులు అంచు దాకా పాకితే మార్చాల్సిందే. అంచుల చుట్టూ పాలలా తెల్లగా కమ్ముకొస్తే లోపలి పొర విడిపోతోందని అర్థం. అది మీ చూపు దారిలోకి రానంత వరకు ఒకటి రెండేళ్ళు చూడొచ్చు, అంతకు మించి వద్దు. రాయి తగిలిన గుర్తే లేకుండా అంచు నుంచి పగులు మొదలైతే అద్దాన్ని తిట్టకండి, చట్రాన్ని చూడండి. తుప్పో, బాడీ వంగడమో ఉంటుంది. హెరాల్డ్‌కు బాడీ వేరు, చాసీ వేరు. చాసీ కుంగితే తలుపు సందు పైనా కిందా సమానంగా ఉండదు. దాన్ని సరిచేయకుండా కొత్త అద్దం పెడితే అదీ పగులుతుంది.

గీతల సంగతి గోరుతో తేలుతుంది. గోరు తగలకపోతే సీరియం ఆక్సైడు పాలిష్ పనికొస్తుంది. గోరు పట్టుకుంటే పాలిష్ చేయించొద్దు, గాజు పల్లమై రోడ్డు అలలు అలలుగా కనపడుతుంది. అసలు పరీక్ష మాత్రం రాత్రిదే. పగలు షోరూములా మెరిసే అద్దం కూడా ఎదురు లైటు పడితే నిజం చెబుతుంది. లేదా సాయంత్రం ఐదున్నరకు పూనమల్లి హైరోడ్డులో పడమరగా ఒకసారి పోయి రండి.

మాకు లామినేటెడ్ అద్దం దొరకడానికి ఐదు నెలలు పట్టింది. వంపు గాజు కాబట్టి వీధి గాజు కొట్టులో కోయించేది కాదు, అచ్చు కావాలి. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌కు ఇప్పటికీ అద్దాలు అమ్ముతున్నారు. అట్ట కోసి కొలత సరిచూసుకుని, అక్కడున్న మనవాళ్ళ ద్వారా తెప్పించుకున్నాం. అద్దం కన్నా దాని పెట్టెకు, ఓడకు ఎక్కువైంది. రేకు తుప్పు గీకి, కొత్త ముక్క వెల్డింగ్ చేయించి, ప్రైమరు కొట్టించి, రబ్బరు కూడా కొత్తది వేశాం. పాత రబ్బరు బిస్కెట్టులా విరిగింది. పాత రబ్బరుతో కొత్త అద్దం పెట్టి డబ్బు మిగిల్చామనుకోవడం దండగ, మొదటి వానకే తెలుస్తుంది.

బిగించేటప్పుడు తాడు మళ్ళీ పెద్దన్నే లాగాడు. బయట అదిమింది మా చిన్నవాడు, అప్పుడు అమ్మ ఒడిలో ఉన్నవాడు. పాత అద్దం గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాం. టోకెన్ల మరక గీకనివ్వలేదు పెద్దన్న.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున ఎనిమిదికి సంఘం హాలు ఆవరణలో ఉంటాం. పాత బండి ఉన్నవాళ్ళు ఎవరైనా తీసుకురండి. చలువ కళ్ళజోడు మేము తెస్తాం, ఆ తమ్ముడు ఫియట్‌తో రావాలి. కాఫీ మామూలే.